గుర్వయ్య కొడుకు

అంబాలా,
4 ఫిబ్రవరి 1953

అక్కా,

నీ కార్డు వచ్చింది. “పెద్ద ఆఫీసరయినవ్, అక్క యాదికి లేదు” అని రాశావు. నువ్వు యాదికి లేక కాదు. ఉత్తరం మొదలుపెట్టినప్పుడల్లా ఏడేళ్ల కింద సెలవు మీద ఊరికి వచ్చి నేను చేసిపోయిన పని అడ్డం వస్తుంది.

ముందు మంచి సంగతి. పోయిన నెల నాకు ఒక స్క్వాడ్రన్‌ను అప్పజెప్పారు. పదహారు జెట్ విమానాలు, ఇరవైమంది పైలట్లు, కింద పనిచేసేవాళ్లు రెండు వందల మంది. మీ దవాఖానలో డాక్టరుగారి మోటారు కింద పడుకొని నట్లు బిగించినవాడు, మెకానిక్కుగా చేరినవాడు, యుద్ధంలో పైలట్లు చాలక ఏరి ఎక్కిస్తే ఎగిరినవాడు ఇక్కడిదాకా రావడం వింతేనని నా వెనకాల అనుకుంటారు. నాకూ వింతగానే ఉంది.

నిన్న భోజనాల దగ్గర ఒక కొత్త పైలట్ అడిగాడు, బర్మాలో ఎన్ని విమానాలు కూల్చారు సార్ అని. రెండు అన్నాను. అది నిజమే. అతడు అడగనిది నీకు చెబుతాను. చెప్పుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు.

నలభై నాలుగు మార్చిలో ఒక ఊరి మీదికి పంపారు. గుడిసెల్లో శత్రువు సిపాయిలు దాగి ఉన్నారని చెప్పారు. నేను ముందు, ఇద్దరు నా వెనక. మొదటిసారి కిందికి దూకినప్పుడు ఎవరూ కనబడలేదు. నాలుగు తుపాకులు ఒక్కసారి పేలితే రెల్లు కప్పులు అంటుకున్నాయి. రెండోసారి తిరిగి వచ్చేసరికి మనుషులు బయటికి ఉరుకుతున్నారు. వాళ్లు ఆడవాళ్లు. ఒకామె నెత్తి మీద పొగ లేస్తోంది. అప్పటికే నా వేలు మీట మీద ఉంది. తీయడానికి టైము ఉండింది అక్కా. ఒక శ్వాసంత టైము ఉండింది. తీయలేదు. ఆ నెలలోనే నాకు పతకం ఇచ్చారు.

ఆ యుద్ధం చేసివచ్చిన చేతులతోనే నలభై ఆరు ఎండాకాలంలో మన రాళ్లగూడెం వచ్చాను. దొర గడి ముందు కర్ర పట్టుకొని నిలబడేవాడు నన్ను ఆపాడు. “ఎల్లడి కొడుకువు గాదుర నువ్వు? బూట్లిప్పు, టోపి తియ్యి. దొర జూస్తున్నడు” అన్నాడు. నేను బెల్టు తీసి అతన్ని కొట్టాను. కింద పడ్డాక కూడా కొట్టాను. నాయిన వచ్చి కాళ్లకు చుట్టుకుంటే గాని ఆపలేదు. ఆ మనిషి పేరు కూడా నాకు తెలియదు. ఎనిమిదో ఏట మిషను బోర్డింగు బడికి పోయినవాడికి ఊళ్లో ఎవరి పేర్లు తెలుస్తాయి? తెల్లారే బస్సెక్కాను. నాయిన నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

రెండేళ్లకు నీ కార్డు వచ్చింది, నాయిన జ్వరంతో పోయాడని. ఆఖరికి నా గురించి ఏమన్నా అన్నాడా? తిట్టినా సరే, రాయి.

నీ తమ్ముడు
గిద్యోను

*

మిషను దవాఖాన, నల్లగొండ,
1 మార్చి 1953

తమ్ముడా, ప్రభువు నీకు తోడుండాలి.

నీ ఉత్తరాన్ని కట్టుగుడ్డలు ఉడికించే గదిలో నిలబడి చదివాను. సగంలో మడిచి పొయ్యిలో పెట్టబోయి మళ్లీ తీశాను. ఆ ఆడవాళ్ల సంగతి నాకెందుకు రాశావు? కాలిన మనుషులు ఎట్లుంటారో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒంటికి అతుక్కున్న బట్టను ఎట్లా ఊడదీయాలో, ఏ వాసన ఎన్ని రోజులు ముక్కులో ఉంటుందో నాకు తెలుసు. నువ్వు పైనుంచి చూసి వెళ్లిపోయావు. దగ్గర కూర్చునేవాళ్లు వేరే ఉంటారు.

నాయిన జ్వరంతోనే ఉన్నాడు. మూడు రోజులు మంచం దిగలేదు. నిన్ను తిట్టలేదు. నువ్వు పోయిన తర్వాత మారెమ్మ చిన్నమ్మతో “వాడు కొట్టింది గడినే, దెబ్బలు ఆ పీనుగకు తాకినయ్” అన్నాడట. అంతే.

ఇప్పుడు ఊరికి రావద్దు. నువ్వు వస్తే మంచిది కాదు. ఎందుకని అడగకు.

నీకు ముప్పై మూడేళ్లు. పెళ్లి మాట ఎత్తవు. విమానాలు అన్నం వండిపెడతాయా?

అక్క
లీలమ్మ

*

అంబాలా,
19 మార్చి 1953

అక్కకు,

నన్ను రావద్దన్నావు. నా మొహం చూడటానికి నీకు అసహ్యం పుట్టిందని అర్థమయింది. నీ తప్పు లేదు. ఇంక అట్లాంటివి రాయను.

గిద్యోను

*

నల్లగొండ,
22 ఆగస్టు 1958

తమ్ముడా,

అయిదేళ్లలో క్రిస్మసుకు ఒక కార్డు, అందులో రెండు లైన్లు. నేను రావద్దన్న మాటను నువ్వు తప్పుగా తీసుకున్నావని ఎన్నిసార్లు రాయబోయి చింపేశానో. నీ మీద అసహ్యంతో అనలేదు. వేరే సంగతి ఉంది. అది కాగితం మీద పెట్టేది కాదు.

నువ్వు వింగ్ కమాండర్ అయ్యావని డాక్టరుగారు పేపర్లో చూసి చెప్పారు. వార్డులో అందరికీ చెప్పాను.

ఒక పని చేసిపెట్టు. మన ఊరి పిలగాడు సైదులు, గొర్లు కాసే ఇంటివాడు. పందొమ్మిదేళ్లు. ఏడు దాకా చదివాడు. వాళ్ల నాయినకు కాలు పుండయి కుళ్లితే ఇక్కడే తీసేశారు. ఆ నలభై రోజులూ ఈ పిలగాడు తండ్రి దగ్గరే ఉన్నాడు. బెడ్‌పాన్లు తీయడానికి కూడా వెనుకాడలేదు. మా నీళ్ల ఇంజను చెడితే విప్పి బాగుచేశాడు. అచ్చం నీ లెక్కనే కింద పడుకొని. దొర పట్నం పోయినా ఊళ్లో గడి పని పోలేదు. అక్కడే ఉంటే వీడూ కర్ర పట్టుకొని వాకిట్లో నిలబడతాడు. నీ దళంలో ఎక్కడన్నా చేర్పించు. నేను నిన్ను ఎన్నడూ ఏదీ అడగలేదు.

అక్క

*

జోర్హాట్,
6 డిసెంబరు 1959

అక్కా,

నీ సైదులు పరీక్షలన్నీ తనంతట తానే గట్టెక్కాడు. తండ్రి పేరు గుర్వయ్య, ఊరు రాళ్లగూడెం అని కాగితాల మీద చూసినప్పుడు ఒక నిమిషం ఆగిపోయాను. మన ఊరి పేరు ఇంగ్లీషులో టైపు కొట్టి ఉండగా చూడటం అదే మొదలు. విమానాలకు తుపాకులు, బాంబులు ఎక్కించే పని నేర్పుతున్నారు.

నువ్వు చెప్పిన వేరే సంగతి ఏమిటో నాకు అంతుపట్టలేదు. నాయిన నన్ను క్షమించకుండా పోయాడని, అది నువ్వు దాస్తున్నావని అనుకుంటున్నాను. అదే అయితే దాచకు.

ఇక్కడ నేను ఎగిరేది తగ్గింది. ఎగిరేవాళ్లను పంపడమే పని. పోయిన వారం ఒకతన్ని పంపాను. ఇరవై రెండేళ్లు. మబ్బు బాగోలేదని చెప్పాడు. వెళ్లిరా, ఏం కాదు అన్నాను. కొండకు తగిలాడు. మూడు రోజులు అడవిలో వెతికి మేము తెచ్చింది ఒక గోనెసంచిలో పట్టింది. శవపేటిక మరీ తేలిగ్గా ఉంటే తల్లిదండ్రులకు అనుమానం వస్తుందని అడుగున రాళ్లు పెట్టి మేకులు కొట్టించాను. వాళ్ల నాయినకు ఉత్తరం నేనే రాశాను. నొప్పి తెలియకుండా పోయాడని రాశాను. ఇట్లాంటి ఉత్తరాలు ఇప్పటికి పదకొండు రాశాను. మాటలు అవే. పేర్లే మారతాయి.

బర్మాలో చంపినవాళ్లు ఎవరో నాకు తెలియదు. వీళ్ల పేర్లు అన్నీ తెలుసు.

గిద్యోను

*

పంజాబు,
11 జూన్ 1965

అక్కా,

ఏ ఊరో రాయకూడదు. ఎండ మన ఊరి ఎండలాగే ఉంది. సంవత్సరం నుంచి ఈ స్టేషను మొత్తం నా చేతి కింద ఉంది. రెండు వేల మంది. గ్రూప్ కెప్టెన్ అయ్యాక జుట్టు సగం తెల్లబడింది.

సైదులు ఇక్కడికే బదిలీ అయి వచ్చాడు. ఇప్పుడు కార్పొరల్. అతని గుంపు ఒక విమానానికి తుపాకులు నింపడానికి ఎనిమిది నిమిషాలు తీసుకుంటుంది. వేరేవాళ్లకు పదిహేను పడుతుంది. నేను అందరితో హిందీలో, ఇంగ్లీషులోనే మాట్లాడతాను. ఒక్కడితో తెలుగు మాట్లాడితే వేరేవాళ్లు పక్షపాతం అనుకుంటారు. కానీ మొన్న హాంగరులో ఎవరూ లేరు. ఊరు ఎట్లుందని అడిగాను.

“మీ గుడిసె జాగల సర్కారు కంప మొలిచింది సార్. కాలిన మొండిగోడ ఒక్కటి నిలవడ్డది. గొర్లు గూడ అటు పోవు” అన్నాడు.

కాలిన గోడ ఏమిటి అన్నాను. అతడు నన్ను వింతగా చూశాడు. “మీకు ఎరుక లేదా సార్? నేను అప్పుడు చిన్నోన్ని. మా బాపు నన్ను అటు పోనియ్యకపోయేది” అన్నాడు.

నువ్వు జ్వరం అని రాశావు. కాలింది ఏమిటి?

గిద్యోను

*

నల్లగొండ,
2 జులై 1965

తమ్ముడా,

నాయిన పోయిన తర్వాత పాడుబడ్డ గుడిసె అది. ఎండకు ఎప్పుడో అంటుకుంది. అది రాసేంత సంగతి అనిపించలేదు. నాకు బీపీ ఉందని డాక్టరుగారు ఉప్పు మాన్పించారు. నువ్వు వేళకు తింటున్నావా?

అక్క

*

20 జులై 1965

అక్కా,

సైదులును మళ్లీ అడిగాను. గుడిసె వానాకాలంలో కాలిందని చెప్పాడు. నాయిన పోయిందీ వానాకాలమే. వానల్లో తడిసిన కప్పు దానంతట అది అంటుకోదు. గుడిసెలు ఎట్లా కాలుతాయో నాకు బాగా తెలుసు.

నా వయసు నలభై అయిదు. రెండు వేల మంది ప్రాణాలు నా చేతిలో పెట్టారు. నాయిన ఎట్లా చచ్చిపోయాడో చెప్పడానికి నువ్వు మాత్రం నన్ను నమ్మవు. ఈ ఉత్తరానికి నిజం రాయకపోతే ఇంక నాకు రాయకు.

గిద్యోను

*

నల్లగొండ,
20 ఆగస్టు 1965

తమ్ముడా,

నెల రోజులు మోకాళ్ల మీద ఉండి ప్రభువును అడిగాను, రాయాలా వద్దా అని. రాస్తున్నాను. కూర్చొని చదువు.

నలభై ఎనిమిది వానాకాలం ఎట్లుండెనో నువ్వు దూరాన ఉండి పేపర్లలో చదివావు. ఊళ్లో పోలీసు లేడు, ఠాణా అమీను లేడు. ఎవడి చేతిలో తుపాకి ఉంటే వాడిదే న్యాయం. దొరకు ఆ సందు చాలింది. నువ్వు గడి ముందు బెల్టు తీసి రెండేళ్లయినా ఆయన మరచిపోలేదు.

మిట్టమధ్యాహ్నం. మన వెలివాడలో అందరూ నాట్లకు పోయారు. నాయిన జ్వరంతో లోపల పడుకున్నాడు. జ్వరం అన్నది అబద్ధం కాదు. మారెమ్మ చిన్నమ్మ జొన్న చేలో ఉండి చూసింది. ఒకడు వచ్చి బయటినుంచి గొళ్లెం పెట్టాడు. గడి నుంచి తెచ్చిన కిరసనాయిలు చూరు చుట్టూ పోసి నిప్పంటించాడు. లోపలినుంచి నాయిన పిలిచాడట. “గుర్వయ్యా, నేను లోపలున్న. ఓ గుర్వయ్యా” అని. పేరు పెట్టి పిలిచాడు. తెలియక చేస్తున్నాడనుకున్నాడేమో. కప్పు కూలేదాకా గుర్వయ్య అక్కడే నిలబడ్డాడు. మేడ మీదినుంచి దొర చూశాడు.

మర్నాడు నేను వచ్చాను. నాయినను నేనే ఏరి దుప్పటిలో కట్టాను. తలుపు దగ్గర ఉన్నాడు.

నువ్వు బెల్టుతో కొట్టిన మనిషి గుర్వయ్యనే. అవును, సైదులు ఆయన కొడుకు. ఉత్తరం చింపకు. మిగతాది చదువు.

యాభై ఎనిమిదిలో కుళ్లిన కాలుతో అతన్ని మా దవాఖానకు తెచ్చారు. కాలు తీసేసిన తర్వాత కట్లు మార్చే పని నాది. ఎండిపోయిన గుడ్డను నీళ్లతో తడిపి తీయాలి. నేను తడపలేదు. రెండు రోజులు పొడిగా గుంజాను. నెత్తురు కారేది. అతడు తువ్వాల నోట్లో కుక్కుకొని ఊరుకున్నాడు. మూడో రోజు అన్నాడు, “గుంజు లీలమ్మా. నేనేందో నీకెరుకనే. గుంజు.”

అప్పుడు చెప్పాడు. నీ చేతిలో దెబ్బలు తిన్నందుకు దొర అతన్ని గడిలో దూలానికి తలకిందులుగా వేలాడదీసి కొట్టించాడట. వాడ పిలగాని చేత తన్నులు తిని గడి పరువు తీసినవ్ అని. రెండేళ్ల తర్వాత పిలిచి, “ఎల్లడి గుడిసె కాలాలె, లేకుంటే నీ గుడిసె కాలుతది, పెండ్లాం పిల్లలు లోపలుంటరు” అన్నాడట. “నాకు నీ తమ్ముని మీద కోపం గూడ ఉండె, అబద్ధమెందుకు” అన్నాడు. “నా కొడుకు నా లెక్క కావద్దు. యాడికన్న పంపియ్యి” అని ఏడ్చాడు.

ఆ రోజు నుంచి గుడ్డ తడిపి తీశాను.

నువ్వు బర్మా సంగతి రాసినప్పుడు నిన్ను రావద్దన్నది అసహ్యంతో కాదు. నువ్వు వస్తే గుర్వయ్యను చంపుతావని. అతన్ని చంపితే నిన్ను ఉరితీస్తారని. నీకు చెప్పినవాడు వేరు, మీట నొక్కింది నువ్వు. అతనికి చెప్పినవాడు వేరు, నిప్పు పెట్టింది అతను. నిన్ను తమ్ముడని పిలవడం నేను మానలేదు. అతని కొడుకును నీ దగ్గరికి పంపించాను. ఇది ఎక్కడో ఒకచోట ఆగాలె.

సైదులుకు ఏమీ తెలియదు. చెప్పకు.

లీలమ్మ

*

నల్లగొండ,
26 సెప్టెంబరు 1965

గిద్యోనుకు,

యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పారు. నువ్వు బతికే ఉన్నావని డాక్టరుగారు ఎవరికో ట్రంకాల్ చేసి కనుక్కున్నారు. నీ దగ్గరినుంచి ఒక్క ముక్క లేదు.

రాళ్లగూడేనికి తంతి వచ్చింది. సైదులు విధి నిర్వహణలో కాలిన గాయాలతో పదో తారీఖున చనిపోయాడని. గుర్వయ్య చంకకర్రల మీద మర్రిగూడ దాకా నడిచి, బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. “ఎట్ల కాలిండు లీలమ్మా? మీ తమ్మునికి రాసి అడుగు” అన్నాడు. రెండు మూడు రోజులకోసారి వస్తున్నాడు. వరండాలో కూర్చుంటున్నాడు.

నేను వేరేది అడుగుతున్నాను. నా ఉత్తరం నీకు ఎప్పుడు అందింది?

లీలమ్మ

*

9 అక్టోబరు 1965

అక్కా,

నీ ఉత్తరం సెప్టెంబరు రెండున అందింది. అదే రోజు చదివాను. నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఎంక్వయిరీలో రాయించనిది నీకు రాస్తున్నాను.

చదివిన తర్వాత అయిదు రోజులు సైదులును రోజూ చూశాను. అతడు సెల్యూట్ కొట్టేవాడు. నేను తిరిగి కొట్టేవాణ్ని. బదిలీ చేద్దామని కాగితం తీశాను. ఆ పొద్దుననే యుద్ధం ముదిరింది. కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

ఏడో తారీఖు సాయంత్రం, పొద్దుగూకే ముందు, నాలుగు విమానాలు చెట్ల ఎత్తున వచ్చి మా మీద పడ్డాయి. రెండు నిమిషాల పని. హాంగరు కప్పు లేచిపోయింది. పరుగెత్తుతున్న ఒక సార్జెంటుకు నడుము పైభాగం లేకుండా పోయింది, కాళ్లు ఇంకో రెండడుగులు వేశాయి. పెట్రోలు బండి ఒకటి వెనకభాగం అంటుకుంది. దాని పక్కనే మూడు విమానాలు, బాంబులన్నీ ఎక్కించి ఉన్నాయి. వాటి వెనక కందకంలో అరవైమంది. ఆ బండిని ఎవరో ఒకరు అక్కడినుంచి తోలేయాలి.

నేను ఎదుటి కందకం గట్టున ఉన్నాను. అందులో నలుగురు. ఇద్దరికి బండి నడపడం వచ్చు. హర్నామ్ సింగ్, సైదులు. హర్నామ్ నాకు చేతికందే దూరంలో ఉన్నాడు. సైదులు ఆ చివర ఉన్నాడు. హర్నామ్ మీదుగా అటు చూసి నేను అరిచాను. హిందీలో కాదు.

“గుర్వయ్య కొడకా, లెవ్వు. బండి తోలు.”

స్టేషనులో నేను అతన్ని ఎప్పుడూ అట్లా పిలవలేదు. అతడు తల తిప్పి నన్ను చూశాడు. నవ్వాడు. ఊరి పెద్దమనిషి ఎవరో ఊరి మాటలో కేకేసినట్టు సంబరంగా నవ్వి, లేచి ఉరికాడు. బండిని రెండు వందల గజాలు తోలాడు. అక్కడ పేలింది. మూడు విమానాలూ దక్కాయి, అరవైమందీ దక్కారు.

మూడు రోజులు బతికాడు. నువ్వు చెప్పే వాసన అంతా ఆ గదిలో ఉండింది. కళ్లు పోయాయి. నా అడుగులు గుర్తుపట్టాడు. “సార్, మీరు మనూరి లెక్క పిలిచిన్రు. నేనిటు వచ్చినకాడి నుంచి ఒక్కపారి గూడ పిలువకపోతిరి” అన్నాడు. తర్వాత మాట్లాడలేదు.

సైదులు మంచి డ్రైవరు అని ఎంక్వయిరీలో చెప్పాను. అది నిజమే. అతని పేరు పతకానికి రాశాను. నా పేరు ఇంకెవరో రాశారు. అక్కా, అతన్ని పిలిచినప్పుడు నాలో ఏముందో నాకు నేనే ప్రమాణం చేసి చెప్పలేను. మంటలు ఉన్నాయి, టైము లేదు. కానీ హర్నామ్ దగ్గరగా ఉన్నాడు. పేరు బదులు తండ్రి పేరు నోట్లోకి వచ్చింది. అది నాకు తెలుసు.

గుర్వయ్యకు నొప్పి తెలియకుండా పోయాడని చెప్పు.

గిద్యోను

*

నల్లగొండ,
30 అక్టోబరు 1965

గిద్యోనుకు,

నాలుగు రోజులు డ్యూటీకి పోలేదు. ఈ పద్దెనిమిదేళ్లలో అదే మొదలు.

ఆగాలె అని నేను రాసిన ఉత్తరమే వాణ్ని చంపింది. నువ్వు ఒక్కడివే చంపావనుకోకు. దాచిపెట్టినన్ని రోజులూ వాడు బతికాడు. నువ్వు నిజం అడిగావు, నేను ఇచ్చాను, మధ్యలో వాడు పోయాడు.

పోయిన పైలట్ల తండ్రులకు రాసే పాత మాటలే ఇప్పుడూ వాడదామనుకున్నావా? గుర్వయ్యకు నేను అబద్ధం చెప్పను. నిజమూ చెప్పను. అది నా నోటితో చెప్పేది కాదు. వచ్చి నువ్వు చెప్పు. అతడు కొడుకును నీకు ఇచ్చాడు, నాకు కాదు.

వచ్చేదాకా నాకు రాయకు.

లీలమ్మ

*

ఢిల్లీ,
27 ఫిబ్రవరి 1966

అక్కా,

వచ్చి పోయాను. నల్లగొండలో ఆగలేదు. నిన్ను ముందు చూస్తే అక్కడినుంచే వెనక్కి మళ్లుతానని భయమేసింది.

పోయిన నెల నన్ను ఎయిర్ కమొడోర్ చేశారు. దేశంలో సగం స్టేషన్ల యుద్ధసన్నాహం ఇప్పుడు నా బల్ల మీదికి వస్తుంది. సంతకం పెట్టిన రోజే సెలవు అడిగాను.

పద్దెనిమిదో తారీఖు పొద్దున్నే హైదరాబాదు నుంచి జీపులో రాళ్లగూడెం చేరాను. జీపును ఊరి బయట వదిలి నడిచాను. ముందు మన జాగకు పోయాను. సైదులు చెప్పినట్టే ఉంది. తలుపు ఉండిన చోట కాసేపు నిలబడ్డాను.

గుర్వయ్య ఇంటి ముందు ఎండలో కూర్చొని ఉన్నాడు. ఎముకలు వంచే మన ఊరి బావి నీళ్లకు నడుము వంగిపోయింది. ఒంటికాలు ముందుకు చాచుకున్నాడు. నన్ను చూసి చంకకర్రలు పట్టుకొని లేచాడు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా గుర్తుపట్టాడు.

“నా కొడుకు ఎట్ల పోయిండు?” అన్నాడు.

చెప్పాను. నీకు రాసిందంతా చెప్పాను. కందకంలో ఎవరు ఎక్కడ ఉన్నారో నేల మీద గీసి చూపించాను. నీ ఉత్తరం సంగతి చెప్పాను. ఏ మాటతో పిలిచానో చెప్పాను.

“మల్ల జెప్పు” అన్నాడు.

మళ్లీ చెప్పాను.

“నవ్విండా?”

“నవ్విండు.”

“మూడు దినాలు నొప్పికి ఒర్రిండా?”

“మొదటి దినం ఒర్రిండు. తర్వాత గొంతు రాలేదు.”

అప్పుడు కొట్టాడు. కుడిచేతి చంకకర్ర తిప్పి నా తల మీద కొట్టాడు. రెండో దెబ్బకు మోకాళ్ల మీద పడ్డాను. ఒంటికాలి మీద నిలబడి, గోడకు ఆనుకొని కొడుతూనే ఉన్నాడు. నెత్తురు కళ్లలోకి దిగి ఏమీ కనబడలేదు. జనం ఉరికి వచ్చారు. ఎవరో అతన్ని పట్టుకున్నారు. వదలండి అన్నాను. వదిలారు. మళ్లీ కొట్టాడు. కర్ర విరిగింది. అది విరిగాక అతనూ కూలబడ్డాడు. నా పక్కనే.

ఇద్దరం ఆయాసపడుతూ మన్నులో ఉన్నాం. జనం ఒక్కొక్కరు పోయారు. అతడు రొప్పుతూ అన్నాడు.

“ఎల్లన్న నన్ను పేరు వెట్టి పిలిచిండు. లోపట్నుంచి. నేను పలుకలే. నువ్వు పిలిస్తే నా కొడుకు పలికిండు.”

కళ్లలోకి దిగిన నెత్తురు తుడుచుకున్నాను.

ఇంట్లోంచి ముంతలో నీళ్లు తెచ్చారు. అతడు తాగి, మిగిలినవి నా ముందు పెట్టాడు. ఆ ముంతతో మన నాయినకు ఆ ఇంట్లో ఎవరూ నీళ్లు ఇచ్చి ఉండరు. తాగాను. లేచి జీపు దగ్గరికి నడిచాను. అతడు పిలవలేదు, నేను తిరిగి చూడలేదు.

తలకు తొమ్మిది కుట్లు పడ్డాయి. జీపు బోల్తాపడిందని ఆఫీసులో చెప్పాను. విమానదళంలో చేరాక నా ఒంటి మీద పడ్డ మొదటి గాయం ఇదే.

గిద్యోను

*

నల్లగొండ,
14 మార్చి 1966

తమ్ముడా,

నీ ఉత్తరం అందింది. నిన్ను ఏమని అనాలో ఇంకా తెలియదు. మంచి పని చేశావని అనలేను. ఆ పిలగాడు తిరిగి రాడు. నేను ఈ పది రోజులూ వార్డులో పని చేస్తూనే ఉన్నాను.

నిన్న పొద్దున గుర్వయ్య వచ్చాడు. ఎవరిదో ఎడ్లబండి మీద వచ్చాడు. చంకకర్ర ఒక్కటే ఉంది. వరండాలో ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. రోగులందరూ అయిపోయేదాకా కదలలేదు. మొండికాలికి పుండు లేచిందేమో, చూపిస్తాడేమో అనుకొని కట్లు, మందులు పట్టుకొని దగ్గరికి పోయాను.

కాలు చూపించలేదు. తల వంచుకొని, నేలను చూస్తూ అడిగాడు.

“ఆయన తల్కాయ గాయం మానిందా?”

నాకు తెలియదు, రాసి అడగాలె అన్నాను.

“అడుగు. నేను ఉంట” అన్నాడు.

బండిని వెనక్కి పంపేశాడు. వరండాలోనే ఉన్నాడు. అన్నం పెడితే తింటున్నాడు, నీ జాబు వచ్చేదాకా పోనంటున్నాడు. కుట్లు తీశారా? చీము పట్టలేదు కదా? మానిందా, తమ్ముడా? వెంటనే రాయి. ఆయనకు చదివి వినిపించాలె.

అక్క
లీలమ్మ